మీకు తెలుసా? కళ్లు పచ్చబడింది రోగం వల్లనా, మందు వల్లనా?

టీబీ మాత్రలు మొదలుపెట్టి ఐదు వారాలైంది. దగ్గు తగ్గింది, సాయంత్రం జ్వరం పోయింది. అంతలో అన్నం సయించడం మానేసింది. పోపు వాసన తగిలితే కడుపులో తిప్పుతోంది. అద్దంలో చూసుకుంటే కంటి తెల్లగుడ్డు పచ్చగా ఉంది. ఇంట్లో ఎవరో ఒకరు ‘కామెర్లు’ అంటారు, పసరు పోసేవాళ్ల ఊరు గుర్తుచేసుకుంటారు.

ఇదే అండమాన్‌లో జరిగితే సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ ఎన్నో. ఆ గడ్డ మీద కళ్లు పచ్చబడడానికి మాత్ర ఒక్కటే కారణం కానక్కర్లేదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంది, హెపటైటిస్ ఉంది, మలేరియా ఉంది. వీటిలో దోషి ఎవరో తేల్చడానికి ఉన్న ముఖ్యమైన సాక్ష్యం చెయ్యి చాపి ఇచ్చే ఐదు మిల్లీలీటర్ల రక్తం. ఆ సాక్ష్యాన్ని ఎలా చదువుతారో చూద్దాం.

‘ఈ మాత్రే చేసింది’ అని చెప్పే రక్త పరీక్ష లేదు

మలేరియాకు పరాన్నజీవి కనిపిస్తుంది, షుగరుకు అంకె కనిపిస్తుంది. మందు వల్ల కాలేయం దెబ్బతింటే మాత్రం, ఇంత పెద్ద వైద్యశాస్త్రంలోనూ, అవునో కాదో తేల్చే ఒక్క పరీక్ష లేదు. మిగతా కారణాలను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ రావాలి. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలు, స్వయంప్రతిరక్షక వ్యాధి పరీక్షలు, పిత్తనాళాల్లో రాయి ఉందేమో చూడడానికి స్కానింగ్, మద్యం అలవాటు గురించి సూటి ప్రశ్న. ఇవన్నీ అయ్యాక మిగిలేది మందు.

అలాగని డాక్టరు ఊహ మీద వదిలేయలేదు. 1993లో ఫ్రాన్స్‌కు చెందిన దనాన్, బెనిషూ అనే ఇద్దరు రుకామ్ అనే మార్కుల పట్టీని ప్రచురించారు. మందు మొదలైన ఎన్ని రోజులకు లక్షణాలు వచ్చాయి, ఆపాక అంకెలు ఎంత వేగంగా తగ్గాయి, ఇంకేం మందులు వాడారు, ఆ మందుకు ముందునుంచీ ఈ పేరు ఉందా అన్నవాటికి కలిపో తీసేసో మార్కులు వేస్తారు. మందు ఆపిన ఎనిమిది రోజుల్లో ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము పెరుగుదల సగానికి పైగా తగ్గితే అనుమానం బలపడుతుంది. అంటే ల్యాబ్ రిపోర్టుతో పాటు రోగి చెప్పే తేదీలు కూడా పరీక్షలో భాగమే. మాత్ర మొదలుపెట్టిన రోజు గుర్తులేకపోతే సగం పరీక్ష చేయనట్టే.

ఎస్‌జీపీటీ అన్న కాలేయ పరీక్ష గుండెపోటు వెతుకులాటలో పుట్టింది

1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఒక ఎంజైము పెరుగుతోందని గమనించారు. అదే ఇప్పటి రిపోర్టుల్లో ఎస్‌జీఓటీ. ఆర్థర్ కార్మెన్ దాన్ని కాంతి సాయంతో నిమిషాల్లో కొలిచే పద్ధతి రూపొందించాడు. 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థం పీల్చుకుంటుంది. ఎంజైము పని చేసేకొద్దీ ఆ పదార్థం తరిగిపోతుంది. ఎంత వేగంగా తరిగితే ఎంజైము అంత ఎక్కువ. ఇవాళ పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రి యంత్రంలోనైనా, విజయవాడ సందులో ల్యాబ్‌లోనైనా లోపల జరిగేది ఇదే.

తర్వాత ఎస్‌జీపీటీ వచ్చింది. ఎస్‌జీఓటీ గుండెలో, కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. ఎస్‌జీపీటీ ఎక్కువగా కాలేయానిదే. కాలేయ కణం గోడ చిరిగితే లోపలి సరుకు రక్తంలోకి కారుతుంది, కొలిచేది ఆ కారిన సరుకునే. అందుకే ‘లివర్ ఫంక్షన్ టెస్ట్’ (ఎల్‌ఎఫ్‌టీ) అన్న పేరు నాకు సగమే సరైనదనిపిస్తుంది. ఎస్‌జీపీటీ కాలేయం పనితీరును చెప్పదు, గాయాన్ని చెబుతుంది. పనితీరును చెప్పేవి బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం.

రిపోర్టులో లేని ఒక అంకెను డాక్టరు కాగితం అంచున వేసుకుంటారు

దాని పేరు ఆర్ విలువ. ఎస్‌జీపీటీ తన గరిష్ఠ పరిమితికి ఎన్ని రెట్లుందో చూసి, దాన్ని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైము తన పరిమితికి ఎన్ని రెట్లుందో దానితో భాగించాలి. ఎస్‌జీపీటీ 600, పరిమితి 40 అయితే 15 రెట్లు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 180, పరిమితి 120 అయితే ఒకటిన్నర రెట్లు. 15ని ఒకటిన్నరతో భాగిస్తే 10. ఐదు, ఆపైన వస్తే కణాలు చస్తున్నాయని. రెండు, ఆలోపు వస్తే పిత్తం పారకుండా నిలిచిపోయిందని. మధ్యలో ఉంటే రెండూ.

మందులకు వేలిముద్రలున్నట్టే ఉంటుంది ఇక్కడ. టీబీ మాత్ర ఐసోనియాజిడ్ సాధారణంగా కణాలను కొడుతుంది. అమాక్సిసిలిన్–క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ చాలాసార్లు పిత్తాన్ని నిలబెడుతుంది, అదీ కోర్సు పూర్తయిన కొన్ని వారాలకు. మాత్రలు అయిపోయి నెల దాటింది కదా అని చాలామంది దాని పేరే చెప్పరు.

పోర్ట్ బ్లెయిర్ కామెర్ల గురించి 1903లోనే వైద్య పత్రికలో రాశారు

2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న ఆ ఊరు అప్పట్లో ఖైదీల స్థావరం. ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో అక్కడి కామెర్ల మీద వ్యాసం వచ్చింది. 1931లో టేలర్, గోయల్ అనే వైద్యులు అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్ మీద పెద్ద గ్రంథమే ప్రచురించారు. తర్వాత దశాబ్దాల పాటు ఆ పేరు దాదాపు మరుగున పడింది. 1980ల చివర్లో ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ వైపు, వానలు వెనకబట్టే రోజుల్లో, జ్వరంతో పాటు నోట రక్తం పడే జబ్బు ఏటా రాసాగింది. పేరు తెలియక ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అన్నారు. 1990ల్లో పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం, సెహగల్ నాయకత్వంలో, అది లెప్టోస్పైరోసిసేనని తేల్చింది. 1983లో ఐసీఎంఆర్ నెలకొల్పిన ఈ కేంద్రం తర్వాత లెప్టోస్పైరోసిస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రమైంది.

మాత్రల కథలో ఎలుకల జ్వరం ఎందుకంటే, రెండూ కళ్లను పచ్చగా చేస్తాయి, కానీ రక్తంలో వదిలే జాడలు వేరు. టీబీ మాత్ర కాలేయాన్ని కొడితే ఎస్‌జీపీటీ వందల్లోకి, ఒక్కోసారి వెయ్యి పైకి పోతుంది. బిలిరుబిన్ దాని వెనక నెమ్మదిగా ఎక్కుతుంది. లెప్టోస్పైరోసిస్ ముదిరితే తలకిందులు. బిలిరుబిన్ 20 దాటి ఉండొచ్చు, మనిషి పసుపు ముద్దలా కనిపించొచ్చు, ఎస్‌జీపీటీ మాత్రం 200 లోపే ఆగిపోవచ్చు. కాలేయ కణాలు పెద్దగా చావకుండానే పిత్తం దారి తప్పుతుందన్నమాట. దానితో పాటు మూత్రపిండాల పనిని చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, పిక్కల నొప్పులకు తగ్గట్టు కండరాల ఎంజైము సీపీకే పెరుగుతుంది. మాత్రల దెబ్బలో పిక్కలు పట్టుకుని ఏడవరు.

వరి కోతకు బురదలో దిగిన మనిషి టీబీ మాత్రలు కూడా వేసుకుంటున్నాడనుకోండి. బిలిరుబిన్ 18, ఎస్‌జీపీటీ 110, క్రియాటినిన్ 3 అని రిపోర్టు వస్తే, మాత్రల మీద నింద వేయడానికి ముందు ఆ బురద గురించి అడగాలి. బతికున్న లెప్టోస్పైరా సూక్ష్మజీవులను రోగి సీరంతో కలిపి, అవి గుంపులు కడుతున్నాయేమో సూక్ష్మదర్శినిలో చూసే మ్యాట్ పరీక్షకు నమూనా పంపాలి. వారం పది రోజుల తేడాతో రెండు నమూనాలు తీసి, రెండోదానిలో ప్రతిరక్షకాలు నాలుగు రెట్లు పెరిగాయా అని చూడడం ఈ పరీక్షలో మేలైన పద్ధతి. ఫలితం కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఆగితే ప్రాణం మీదికి వస్తుంది.

అనుమానితుల జాబితాలో వైరస్‌లు దాక్కుంటాయి

అమెరికాలో మందుల వల్లే కాలేయం దెబ్బతిందని నిపుణులు నమోదు చేసిన 318 మంది నిల్వ రక్తాన్ని మళ్లీ పరీక్షిస్తే, 9 మందిలో అప్పుడే సోకిన హెపటైటిస్ ఇ సంకేతం దొరికింది. 2011లో వచ్చిన అధ్యయనమిది. హెపటైటిస్ ఇ అరుదనుకునే దేశంలోనే ఇలా ఉంటే, నీళ్లు కలుషితమైన ప్రతి వానాకాలం కామెర్లు చూసే మన దగ్గర దాన్ని పట్టే ఐజీఎం యాంటీ హెచ్‌ఈవీ పరీక్ష వదిలేయడం పెద్ద పొరపాటు.

నికోబార్ దీవుల్లో ఇంకో చిక్కుంది. అక్కడి తెగల్లో హెపటైటిస్ బి చాలా ఎక్కువ. 2000 ప్రాంతంలో పోర్ట్ బ్లెయిర్ కేంద్రం ప్రచురించిన పరిశీలనల్లో నికోబారీల్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరి రక్తంలో ఆ వైరస్ ఉపరితల యాంటిజెన్ (హెచ్‌బీఎస్‌ఏజీ) కనిపించింది. అలాంటి మనిషికి టీబీ మందులు ఇస్తే ఎస్‌జీపీటీ పెరిగింది మందు వల్లనా, నిద్రపోతున్న వైరస్ లేవడం వల్లనా? హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని ఒక్క ముక్క తెలిస్తే చాలదు, వైరస్ ఎంత ఉందో డీఎన్‌ఏ లెక్క కూడా కావాలి. టీబీ మందులు మొదలుపెట్టక ముందే ఒకసారి ఎల్‌ఎఫ్‌టీ, హెచ్‌బీఎస్‌ఏజీ చేయించి పెట్టుకుంటే తర్వాత ఎంత గందరగోళం తప్పుతుందో! మొదటి అంకె చేతిలో లేనివాళ్లు రెండో అంకెను ఎంతసేపు చూసినా ఏమీ తేలదు.

మందు కళ్లను పచ్చగా చేసినా, కాలేయం క్షేమంగా ఉండొచ్చు

వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ ఇస్తారు. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉన్నవాళ్లకు ఆ మాత్ర పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. హిమోగ్లోబిన్ పడిపోతుంది, మూత్రం కాఫీ డికాక్షన్‌లా వస్తుంది, కళ్లు పచ్చబడతాయి. రిపోర్టులో బిలిరుబిన్ పెరిగి ఉంటుంది కానీ ఎక్కువ భాగం ఇన్‌డైరెక్ట్. ఎస్‌జీపీటీ మామూలే. పగిలిన కణాల నుంచి వచ్చేవి కాబట్టి ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్ అనే ఎంజైములు మాత్రం పెరుగుతాయి.

డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అన్న మాటలు ఎక్కడివో తెలుసా? డచ్ వైద్యుడు వాన్ డెన్ బెర్గ్ 1916 ప్రాంతంలో సీరంలో రంగు రసాయనం కలిపి చూశాడు. కొందరి సీరం వెంటనే, నేరుగా రంగు మారింది. కొందరిది ఆల్కహాలు కలిపితే తప్ప మారలేదు. నేరుగా మారింది డైరెక్ట్. ఒక శతాబ్దం గడిచినా మన రిపోర్టుల్లో ఆ మాటలే ఉన్నాయి. కాలేయం చేతుల మీదుగా వెళ్లి నీటిలో కరిగే రూపం పొందింది డైరెక్ట్, ఇంకా కాలేయం అందుకోనిది ఇన్‌డైరెక్ట్. నీటిలో కరిగేదే మూత్రంలోకి వస్తుంది. అందుకే కాలేయం దెబ్బలో కళ్లకంటే ముందు మూత్రం ముదురుతుంది. కళ్లు పచ్చగా కనిపించాలంటే బిలిరుబిన్ ఇంచుమించు మూడుకు చేరాలి.

మూత్రం రంగు రెండు విధాల మోసం చేస్తుంది

టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకున్నవాళ్లకు మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి. అది మందు రంగు, కామెర్లు కాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే భయపడి మాత్రలు మానేసేవాళ్లున్నారు. చెప్పాక ఇంకో ప్రమాదం ఉంది. నెల తర్వాత నిజంగానే కామెర్లు మొదలై మూత్రం ముదురుతుంటే ‘ఆ, అది మాత్ర రంగే’ అని కొట్టిపారేస్తారు. తేడా పట్టుకోవడానికి ఒక మార్గం కంటి తెల్లగుడ్డు. మామూలు మోతాదులో రిఫాంపిసిన్ దాన్ని పచ్చగా చేయదు. రెండోది ఆకలి. తిండి మీద మనసు చచ్చిపోతే రంగు సంగతి పక్కన పెట్టి రక్తం ఇవ్వాలి.

ఇంకా ఒక మెలిక. రిఫాంపిసిన్ మొదలైన తొలి రోజుల్లో బిలిరుబిన్ కాస్త పెరగొచ్చు, కాలేయం లోపలికి అది వెళ్లే ద్వారం దగ్గర ఈ మందు పోటీపడుతుంది కాబట్టి. ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే అది గాయం కాదు, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

మన దేశంలో మందుల కాలేయ దెబ్బలో టీబీ మాత్రలదే మొదటి స్థానం

బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ హర్షద్ దేవర్‌భావి 2010లో 313 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో 58 శాతం మందికి కారణం టీబీ మందులు. 2021లో దేశంలోని పలు ఆసుపత్రుల సమాచారం కలిపి 1288 మంది లెక్క వచ్చింది. అందులోనూ టీబీ మందులే ముందు, దాదాపు 46 శాతం. పాశ్చాత్య దేశాల జాబితాల్లో యాంటీబయాటిక్‌లు, పారాసిటమాల్ ముందుంటాయి.

ఐసోనియాజిడ్ 1952లో వచ్చినప్పుడు అద్భుత ఔషధమన్నారు, నిజంగా అద్భుతమే. దాని కాలేయ దెబ్బ లోకానికి గట్టిగా తెలియడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1970లో వాషింగ్టన్ క్యాపిటల్ హిల్ ఉద్యోగుల్లో టీబీ బయటపడితే, ముందుజాగ్రత్తగా 2,321 మందికి ఈ మాత్ర ఇచ్చారు. 19 మందికి కాలేయం దెబ్బతింది, ఇద్దరు చనిపోయారు. జబ్బు లేనివాళ్లు, జబ్బు రాకూడదని వేసుకున్న మాత్ర అది.

ఒకే మాత్ర ఒకరిని కొట్టి ఒకరిని ఎందుకు వదిలేస్తుంది? శరీరం ఐసోనియాజిడ్‌ను ఎసిటైల్ గుంపు తగిలించి వదిలించుకుంటుంది. ఆ పని చేసే నాట్2 ఎంజైము కొందరిలో చురుకు, కొందరిలో మందం. భారతీయుల్లో మందంగా ఉన్నవాళ్లు చాలామంది. వాళ్లలో మందు, దాని విష రూపాలు ఎక్కువసేపు తిరుగుతాయి. మద్యం, పోషకాహార లోపం, పెద్ద వయసు, ముందే ఉన్న కాలేయ జబ్బు తోడైతే ప్రమాదం పెరుగుతుంది.

అంకె పెరిగిన ప్రతిసారీ మాత్రలు ఆపరు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఐసోనియాజిడ్ వేసుకునేవాళ్లలో ఐదో వంతు వరకూ ఎస్‌జీపీటీ కాస్త పెరిగి, మాత్ర కొనసాగుతుండగానే దానంతట అదే దిగుతుంది. కాలేయం అలవాటు పడుతుందన్నమాట. అందుకే చాలా దేశాలు ఒక గీత గీసుకున్నాయి. వాంతులు, నీరసం, కడుపునొప్పి లాంటి లక్షణాలుంటే పరిమితికి మూడు రెట్లు, ఏ లక్షణమూ లేకపోతే ఐదు రెట్లు. అది దాటితే మందులు ఆపుతారు. రెండు రెట్లకే భయపడి ఆపేస్తే టీబీ తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ముప్పు ఉంది. డాక్టరును అడగకుండా మానేయడం, వాంతులవుతున్నా ఎవరికీ చెప్పకుండా మింగడం, రెండూ ప్రాణాంతకమే.

ఐసోనియాజిడ్ తన మీద సాక్ష్యాన్ని తానే బలహీనపరచగలదు

ఎస్‌జీపీటీ పని చేయాలంటే విటమిన్ బి6 నుంచి వచ్చే ఒక తోడు పదార్థం కావాలి. ఐసోనియాజిడ్ శరీరంలో బి6ను తరిగిస్తుంది, అందుకే టీబీ మాత్రలతో పాటు పిరిడాక్సిన్ మాత్ర ఇస్తారు, కాళ్లు తిమ్మిర్లెక్కకుండా. బి6 బాగా తక్కువైన రక్తంలో ఎంజైము ఉన్నా చురుకుగా ఉండదు, యంత్రం అసలు కంటే తక్కువ చూపవచ్చు. ఆ తోడు పదార్థాన్ని పరీక్ష ద్రవంలోనే కలిపే పద్ధతిని అంతర్జాతీయ సంస్థలు సిఫారసు చేశాయి. అన్ని ల్యాబ్‌లూ కలపవు. ఒకే మనిషి రక్తం రెండు ల్యాబ్‌ల్లో రెండు అంకెలు చూపడానికి ఇదొక కారణం. వీలైతే అన్నిసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది.

రెండూ కలిసి ఎక్కితే పదిమందిలో ఒకరు

అమెరికా వైద్యుడు హైమన్ జిమ్మర్‌మన్ జీవితమంతా ఈ విషయం మీదే పనిచేశాడు. మందు వల్ల ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటి, దానితో పాటు బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, పిత్తానికి అడ్డు ఏమీ లేకపోతే, అలాంటి ప్రతి పదిమందిలో సుమారు ఒకరు చనిపోతారు లేదా కాలేయ మార్పిడి అవసరమవుతుంది. ఆయన ముద్దుపేరు మీద దీన్ని ‘హైస్ లా’ అంటారు. కొత్త మందుల ప్రయోగాల్లో ఇలాంటి కేసులు ఒకటి రెండు కనిపించినా అమెరికా ఎఫ్‌డీఏ ఉలిక్కిపడుతుంది. షుగరు మాత్ర ట్రోగ్లిటాజోన్ 1997లో అక్కడి బజారులోకి వచ్చి, కాలేయాలు చెడిపోవడంతో 2000లో వెళ్లిపోయింది.

ఎస్‌జీపీటీ తగ్గడం ఒక్కోసారి అతి చెడ్డ వార్త

రెండు వేలున్నది మూడు వందలకు దిగిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే సమయాన్ని చెప్పే ఐఎన్ఆర్ కూడా దిగుతుంటే సరే. ఐఎన్ఆర్ పెరుగుతూ ఎస్‌జీపీటీ దిగుతోందంటే, కారడానికి కణాలే మిగల్లేదని అర్థం కావచ్చు. రక్తం గడ్డకట్టించే పదార్థాల్లో ఏడో కారకం కొన్ని గంటలకే సగానికి తరిగిపోతుంది, కాబట్టి కాలేయం తయారీ ఆపేస్తే ఒక రోజులోనే బయటపడుతుంది. అల్బుమిన్ సగం తరగడానికి మూడు వారాలు పడుతుంది, ఈ హడావిడిలో దాన్ని నమ్ముకోలేం. ఐఎన్ఆర్ ఒకటిన్నర దాటి, మనిషి మాటలు తడబడితే, పగలు నిద్ర రాత్రి మెలకువ మొదలైతే, అది కాలేయ మార్పిడి చేసే ఊరికి పంపాల్సిన వేళ. ద్వీపాల్లో ఆ నిర్ణయం ముందుగా తీసుకోవాలి, సముద్రం మధ్యలో ఉంది.

నమూనా కూడా దెబ్బతింటుంది

మనుషులున్న దీవులు ముప్పైకి పైగా. పెద్ద పరీక్షలన్నీ పోర్ట్ బ్లెయిర్‌లోనే. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే అక్కడికి 500 కిలోమీటర్లకు పైగా దూరం. అలాంటి చోట నుంచి రక్తం బయలుదేరితే:

బిలిరుబిన్ వెలుతురుకు విరిగిపోతుంది. పుట్టిన పిల్లల కామెర్లను నీలి దీపాల కింద తగ్గించేది ఈ గుణంతోనే. సీసాను ఎండలో పెడితే రోగి బాగుపడకుండానే రిపోర్టు బాగుపడుతుంది, కాబట్టి నల్లకాగితమో రేకో చుట్టాలి.

సూది పోటుకు, కుదుపుకు ఎర్రకణాలు పగిలితే ఎస్‌జీఓటీ పెరుగుతుంది. సీరం గులాబీ రంగులో ఉంటే మళ్లీ తీయాలి.

అన్నిటికంటే ఆశ్చర్యం, ఎస్‌జీపీటీకి మామూలు ఫ్రీజర్ పడదు. ఫ్రిజ్ చల్లదనంలో కొన్ని రోజులు ఉంటుంది, మైనస్ 20 డిగ్రీల వద్ద గడ్డకట్టిస్తే చచ్చిపోతూ వస్తుంది. ఎంత చల్లబెడితే అంత మంచిదన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. సీరాన్ని వెంటనే వేరుచేసి, ఐసుతో చల్లగా ఉంచి, గడ్డకట్టనివ్వకుండా పంపడం సరైన పద్ధతి.

నాన్‌కౌరీలో పగటి రక్తం, భీమవరంలో పుట్టిన మనిషి

రక్తం ఎప్పుడు తీశారన్నదీ ముఖ్యమే. బోదకాలు పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి మన ఊళ్లలో సిబ్బంది రాత్రి పది దాటాక రక్తం తీస్తారు. నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో దొరికే రకం పగలు కూడా తిరుగుతుంది, అక్కడ పగలు కుట్టే అడవి దోమ దాన్ని మోస్తుంది. ఆ జబ్బుకు వాడే డీఈసీ అనే మందును అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందం 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది.

కాలేయ పరీక్షలకు ఆయన బంధం అంతకంటే దగ్గరిది. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను నీలి రంగుగా మార్చి కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఫాస్ఫేటును తెంచి విడుదల చేస్తుంది. తొలినాళ్ల పరీక్షల్లో విడుదలైన ఫాస్ఫరస్‌ను కొలిచే దాని బలం లెక్కకట్టేవారు, ఫాస్ఫరస్ కొలతకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి పేరెన్నిక గన్నది. ఆయన బృందం నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్ర. దానికి ఒకటి నుంచి మూడు నెలలకోసారి ఎస్‌జీపీటీ చూడాలి. మాత్ర వేసుకున్న మర్నాడు రక్తమిస్తే అంకె ఊరికే పెరిగి కనిపిస్తుంది, తర్వాతి మాత్రకు ముందు ఇవ్వాలి.

పారాసిటమాల్ లెక్క గంటల్లో ఉంటుంది

చాలా మందుల దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్పలేం. పారాసిటమాల్ అలా కాదు, మోతాదు మించితే ఎవరినైనా కొడుతుంది. మొదటి రోజు మనిషి మామూలుగా ఉంటాడు, ఎస్‌జీపీటీ కూడా మామూలే. రెండో మూడో రోజున వేలల్లోకి లేస్తుంది. అందుకే 1975లో రుమాక్, మాథ్యూ ఒక గీత గీశారు. మింగిన నాలుగు గంటలకు, ఆ తర్వాత రక్తంలో మందు ఎంత ఉందో చూసి, గీత పైనుంటే ఎస్‌జీపీటీ కోసం ఆగకుండా ఎన్‌ఎసిటైల్‌సిస్టీన్ ఎక్కించాలి. మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. డెంగీ జ్వరంలో మూడు రకాల జలుబు మాత్రలు కలిపి మింగేవాళ్లు గమనించాలి, మూడింటిలోనూ ఉండేది ఇదే కావచ్చు.

ఆకులూ లెక్కలోకి వస్తాయి

పైన చెప్పిన 1288 మందిలో దాదాపు 14 శాతం మందికి కారణం మూలికలు, దేశవాళీ మందులు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా మరిగించిన తిప్పతీగ గురించి 2022లో 13 కేంద్రాల వైద్యులు 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు. చాలామందిలో అది స్వయంప్రతిరక్షక హెపటైటిస్‌లా కనిపించింది. తిప్పతీగ కాదు, దాన్ని పోలిన వేరే తీగ వల్ల కావచ్చని ఆయుష్ శాఖ అంది. అండమాన్‌లో సీసాల్లో అమ్మే నోని రసం మీద 2005లో ఆస్ట్రియా వైద్యులు కొన్ని కేసులు రాశారు. మరుసటి ఏడాది ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశీలించి, రసమే కారణమనడానికి తగిన ఆధారం లేదంది. ఇలాంటి వాదాలు ఒక్కరి రక్తంతో తేలవు. డాక్టరు ‘ఇంకేం వాడుతున్నారు?’ అని అడిగినప్పుడు కషాయం, పసరు, పొడి అన్నీ చెప్పేస్తే, ఆ ఒక్కరి విషయంలోనైనా దారి దొరుకుతుంది. తిడతారని దాచేవాళ్లే ఎక్కువ. అడిగే తీరు మారితే చెప్పేవాళ్లు పెరుగుతారని నా నమ్మకం.

మందు వల్ల హాని జరిగిందనిపిస్తే రోగి కూడా నేరుగా చెప్పవచ్చు. భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది, ఉచిత ఫోన్ 1800-180-3024.

దోషిని పట్టుకున్నాక మళ్లీ ఇంటికి పిలుస్తారు

టీబీ మందులు ఆపి కూర్చుంటే టీబీ ఊరుకోదు. ఇథాంబుటాల్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి కాలేయం జోలికి అంతగా పోని మందులతో నెట్టుకొస్తూ, ఎస్‌జీపీటీ పరిమితికి రెండు రెట్ల లోపు దిగేదాకా ఆగుతారు. తర్వాత ఒక్కొక్క మందే తిరిగి మొదలు. సాధారణంగా ముందు రిఫాంపిసిన్. మూడు నుంచి ఏడు రోజులు చూసి రక్తం తీస్తారు. అంకె కదలకపోతే ఐసోనియాజిడ్. మళ్లీ రక్తం. ఏ మందు కలిపాక అంకె ఎగిరిందో ఆ మందు దోషి, దాన్ని శాశ్వతంగా వదిలేస్తారు. దెబ్బ గట్టిగా తగిలిన మనిషికి ఆ రెండూ పడ్డాయంటే, మూడోదైన పైరజినమైడ్‌ను మళ్లీ పరీక్షించి చూసే సాహసం చాలామంది చేయరు. అది లేకుండానే వైద్యం నడుస్తుంది. ఆరు నెలల్లో అయ్యేది తొమ్మిది నెలలు పడుతుంది.